మీ అడుగే మీ కొలబద్ద

"రోజూ నడవండి, ఆరోగ్యానికి మంచిది." ఈ మాట మీరు ఎన్నిసార్లు విన్నారో చెప్పలేరు. డాక్టరుగారు చెబుతారు, డ్రిల్లు మాస్టారు చెబుతారు, ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా చెబుతారు. విన్నవాళ్ళలో చాలామంది మొదలుపెడతారు. మొదటి వారం హుషారుగా సాగుతుంది. రెండో వారంలో ఒకరోజు వాన, మరొకరోజు తలనొప్పి, ఇంకొకరోజు పరీక్ష. మూడో వారానికి నడక ఆగిపోతుంది.

ఎందుకు ఆగిపోతుంది? కాళ్ళు నొప్పిపుట్టి మానేసినవాళ్ళు కొద్దిమందే. అదే వీధి, అదే మలుపు, అదే చింతచెట్టు! చూసిందే చూసి విసుగు పుడుతుంది. మరి ఆ విసుగును పోగొట్టటం ఎలా? దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిలు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. వీటితోపాటు రోజుకొక ప్రశ్నను వెంట తీసుకువెళ్ళాలి. జవాబు కోసం నడిచేవాడికి దూరం తెలియదు.

ఆ ప్రశ్నలు ఎలాంటివో చూసేముందు, అసలు నడిస్తే శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

పిక్కలో ఉన్న పంపు

గుండె రక్తాన్ని ధమనుల ద్వారా కాళ్ళదాకా పంపుతుంది. కిందికి దిగిన రక్తం తిరిగి పైకి, గుండెకు చేరాలి. గురుత్వాకర్షణ దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. మరి అది పైకి ఎలా ఎక్కుతుంది?

మన పిక్కల్లో గట్టి కండరాలున్నాయి. నడిచేటప్పుడు అవి బిగిసినప్పుడల్లా లోపలున్న సిరలను పిండుతాయి. రక్తం పైకి పోతుంది. కండరం వదులైనప్పుడు రక్తం వెనక్కి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలున్నాయి. ఇవి ఒకవైపుకే తెరుచుకునే తలుపులు. వీధిలో బోరింగు పంపు పనిచేసేదీ ఇలాంటి కవాటాలతోనే. ఈ సిరల కవాటాలను ఇటలీలో ఫాబ్రీషియస్ అనే ఆచార్యుడు 1603లో వర్ణించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో, రక్తం శరీరమంతా తిరిగి మళ్ళీ గుండెకే వస్తుందని నిరూపించటానికి ఈ కవాటాలనే సాక్ష్యంగా చూపాడు.

బడిలో ప్రార్థన సమయంలో చాలాసేపు కదలకుండా నిలబడిన పిల్లలు ఒక్కొక్కసారి కళ్ళు తిరిగి పడిపోవటం మీరు చూసే ఉంటారు. పిక్కలు కదలకపోవటంతో రక్తం కాళ్ళలో నిలిచిపోయి, మెదడుకు తగినంత అందకపోవటం దీనికి ఒక కారణం. ఈసారి అలా నిలబడవలసివస్తే మధ్యమధ్య మునివేళ్ళమీద లేచి దిగుతూ ఉండండి.

నడకతో ఇంకొక లాభం కూడా ఉంది. పనిచేసే కండరాలకు గ్లూకోజు కావాలి. అవి దాన్ని రక్తంలోనుంచి తీసుకుంటాయి. మామూలుగా ఇందుకు ఇన్సులిన్ సాయం అవసరం. కాని కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ తో ప్రమేయం లేకుండానే కొంత గ్లూకోజు లోపలికి పోయే మార్గం తెరుచుకుంటుంది. షుగరు ఉన్నవాళ్ళను భోజనం తర్వాత కాసేపు నడవమని డాక్టర్లు చెప్పటంలోని రహస్యం ఇదే.

కండక్టరు, డ్రైవరు

నడకవల్ల గుండెకు మేలని ఎలా తెలిసింది? లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులుండేవి. డ్రైవరు పని గంటలన్నీ కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లకోసం రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వేలాదిమంది ఉద్యోగుల వివరాలు సేకరించి, డ్రైవర్లకంటే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని 1953లో ప్రకటించారు.

ఇక్కడితో ఆగితే అది సగం సైన్సే. "కండక్టర్లు మొదటినుంచీ సన్నగా ఉన్నవాళ్ళేమో!" అని ఎవరైనా అడగవచ్చు కదా? ఆ సందేహం మోరిస్ కే వచ్చింది. ఉద్యోగులకు కుట్టించిన యూనిఫారం కొలతలు తెప్పించి చూశాడు. నిజంగానే డ్రైవర్ల నడుము కొలతలు ఎక్కువగా ఉన్నాయి! ఆ సంగతీ 1956లో ఆయనే ప్రకటించాడు. తర్వాత ఎన్నో దేశాల్లో, ఎన్నో రకాల మనుషులమీద పరిశోధనలు జరిగాక, శరీరం కదలటంవల్ల గుండెకు మేలన్న మాట స్థిరపడింది. 5 నుంచి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిముషాలు చురుకుగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆటలు, సైకిలు, నడక అన్నీ ఇందులో లెక్కే.

ఇక మన నోటుపుస్తకం తెరుద్దాం.

మొదటి ప్రశ్న: నా అడుగు ఎంత?

ఇక్కడ అడుగంటే 12 అంగుళాల అడుగు కాదు. ఒక కాలు ఆనిన చోటినుంచి రెండో కాలు ఆనిన చోటివరకు ఉన్న దూరం. బడి మైదానంలో టేపుతో 50 మీటర్లు కొలిచి రెండు చివరలా గీతలు గీయండి. మీకు అలవాటైన మామూలు నడకతో ఆ దూరం నడుస్తూ అడుగులు లెక్కపెట్టండి. మూడుసార్లు నడిచి సగటు తీయండి. 80 అడుగులు వచ్చాయనుకుందాం. 50 మీటర్లను 80తో భాగిస్తే 62.5 సెంటీమీటర్లు. ఇదే మీ అడుగు. ఈ సంఖ్యను పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. ఇకనుంచి టేపు అక్కర్లేదు. కొలబద్ద మీ వెంటే ఉంటుంది. మీరు ఎదుగుతున్న పిల్లలు కాబట్టి ప్రతి ఆరునెలలకూ మళ్ళీ కొలుచుకోవాలి.

ఇది పిల్లల ఆట అనుకోకండి. హిమాలయాల్లోని మిలాం గ్రామానికి చెందిన నయన్ సింగ్ రావత్ ఒక బడిపంతులు. విదేశీయులకు ప్రవేశంలేని టిబెట్ పటం తయారుచెయ్యటానికి సర్వే అధికారులు ఆయనకు శిక్షణ ఇచ్చారు. ఎగుడైనా దిగుడైనా అడుగు పొడవు మారకుండా, మైలుకు సుమారు 2000 అడుగుల చొప్పున నడవటం ఆ శిక్షణలో ముఖ్యభాగం. మామూలు జపమాలలో 108 పూసలుంటాయి. ఆయన మాలలో 100 మాత్రమే ఉండేవి. వంద అడుగులకు ఒక పూస జరిపేవాడు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు! బౌద్ధులు తిప్పే ప్రార్థనాచక్రంలో మంత్రం చీటీకి బదులు లెక్కలు రాసిన కాగితాలు దాచుకున్నాడు. 1865లో నేపాల్ నుంచి బయలుదేరి 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ ప్రయాణంలో సుమారు 1200 మైళ్ళు ఇలా అడుగులతోనే కొలిచాడు. 1877లో లండన్ లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

మీరు లాసాదాకా వెళ్ళనక్కర్లేదు. ఇంటినుంచి బడిదాకా, బడినుంచి చెరువుదాకా లెక్కపెట్టండి. వంద అడుగులకొక చింతగింజను ఒక జేబులోనుంచి మరొక జేబులోకి మార్చండి. వారం రోజుల్లో మీ పేటకు మీరే పటం గీయగలరు.

రెండో ప్రశ్న: నా వేగం ఎంత?

ఒక నిముషంలో ఎన్ని అడుగులు వేస్తున్నారో చూడండి. 112 అనుకుందాం. 112ను 62.5 సెంటీమీటర్లతో హెచ్చిస్తే 7000 సెంటీమీటర్లు, అంటే 70 మీటర్లు. గంటకు 4.2 కిలోమీటర్లు.

ఈ వేగం గుండెకు చాలునా? తెలుసుకోవటానికి ఒక తేలిక మార్గం ఉంది. నడుస్తూ మాట్లాడండి, తర్వాత పాట పాడి చూడండి. హాయిగా పాడగలిగితే నడక నెమ్మదిగా ఉన్నట్టు. మాట్లాడగలిగి పాడలేకపోతే సరైన వేగం. మాట కూడా రాకపోతే కాస్త తగ్గించండి.

బయలుదేరేముందు మణికట్టు దగ్గర నాడి నిముషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాసుకోండి. నడక ముగిసిన వెంటనే ఒకసారి, రెండు నిముషాలు ఆగి మరొకసారి చూడండి. నెల రోజులు అదే దారి, అదే వేగం. నడక ముగిశాక నాడి మునుపటికంటే త్వరగా నెమ్మదిస్తోందా? మీ గుండెమీద మీరే చేస్తున్న ప్రయోగం ఇది.

మూడో ప్రశ్న: నడక ఎక్కడ పరుగవుతుంది?

క్రమంగా వేగం పెంచుతూ పోండి. ఒకచోట మీకు తెలియకుండానే పరుగులో పడతారు. ఎందుకు?

నడిచేటప్పుడు ఒక కాలు ఎప్పుడూ నేలమీద ఉంటుంది. ఆ పాదం కేంద్రంగా, కాలు వ్యాసార్ధంగా, మన శరీరం చిన్న చాపంలో పైకిలేచి ముందుకు దిగుతుంది. గడియారం లోలకాన్ని తలకిందులుగా నిలబెట్టినట్టు! పైకి లేచినప్పుడు స్థితిజశక్తి పెరుగుతుంది; దిగేటప్పుడు అది గతిజశక్తిగా మారి తర్వాతి అడుగుకు ఉపయోగపడుతుంది. అనువైన వేగంలో సగానికిపైగా శక్తి ఇలా తిరిగి వాడకంలోకి వస్తుంది. నడక అంతగా అలసట కలిగించకపోవటానికి కారణం ఇదే.

అయితే చాపంలో తిరిగే వస్తువును కేంద్రంవైపు లాగే బలం ఉండాలి. ఇక్కడ ఆ బలం గురుత్వాకర్షణే. వేగం బాగా పెరిగితే ఆ బలం చాలదు. పాదం నేలను వదిలేస్తుంది. కాలి పొడవు 0.8 మీటర్లయితే ఆ హద్దు సుమారు గంటకు 10 కిలోమీటర్లు. ఆ హద్దు చేరకముందే, గంటకు సుమారు 7 కిలోమీటర్ల దగ్గరే మనం పరుగుకు మారిపోతాం.

చంద్రుడిమీద గురుత్వం ఆరోవంతే. అక్కడ ఆ హద్దు గంటకు 4 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. 1969 నుంచి 1972 వరకు చంద్రుడిమీద దిగిన వ్యోమగాములు గెంతుతూ పోవటానికి ఇదొక కారణం. మీ తమ్ముడి కాళ్ళు పొట్టివి కాబట్టి వాడి హద్దూ తక్కువే. మీ పక్కన నడవాలంటే వాడు పరుగెత్తక తప్పదు. ఇకనుంచి వాడిని కసురుకోకండి.

దారిపొడవునా ప్రయోగశాల

మీ అడుగు పొడవు తెలిసింది కాబట్టి ఇప్పుడు ఎన్నో కొలవవచ్చు.

చెట్టు ఎత్తు: సాయంకాలం ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టండి. దాని నీడ 2 మీటర్లు ఉందనుకోండి. అదే సమయంలో వేపచెట్టు నీడను మొదలునుంచి కొనదాకా అడుగులతో కొలవండి. 24 అడుగులంటే 15 మీటర్లు. కనుక చెట్టు ఎత్తు 7.5 మీటర్లు.

ధ్వని వేగం: చెరువుగట్టున బండమీద ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే దూరంనుంచి చూడండి. బట్ట బండకు తగలటం ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆ తర్వాత వినిపిస్తుంది. పది దెబ్బలకు పది సెకన్లు పడుతున్నదనుకోండి. మెల్లగా వెనక్కి నడుస్తూ పోతే ఒకచోట చెయ్యి పూర్తిగా పైకి లేచినప్పుడు చప్పుడు వినిపిస్తుంది. అంటే ధ్వని మిమ్మల్ని చేరటానికి సుమారు అర సెకను పట్టింది. అక్కడినుంచి బండదాకా అడుగులు లెక్కించండి. 276 అడుగులు వస్తే 172.5 మీటర్లు. అర సెకనుకు ఇంత అయితే సెకనుకు 345 మీటర్లు! వెచ్చని రోజున గాలిలో ధ్వని వేగం ఇంచుమించు ఇంతే.

కూతవేటు దూరం: పెద్దవాళ్ళు "కూతవేటు దూరం" అంటారు. అది ఎన్ని మీటర్లు? ఒక స్నేహితుణ్ణి ఒకచోట నిలబెట్టి ఆగి ఆగి కేకవెయ్యమనండి. వినపడనంతదాకా అడుగులు లెక్కపెడుతూ పోండి. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి చేస్తే రెండూ ఒకటి కావు. పగలు నేల దగ్గరి గాలి వేడిగా ఉండి ధ్వనిని పైకి వంచుతుంది. వేకువన నేల దగ్గరి గాలి చల్లగా ఉండి కిందికి వంచుతుంది. గాలి వీచే దిక్కును కూడా రాసుకోవటం మరవకండి.

సూర్యుడు దిగే చోటు: రోజూ ఒకే చోట నిలబడి, సూర్యుడు ఏ తాటిచెట్టు వెనక, ఏ మేడ పక్కన అస్తమించాడో వారానికొకసారి బొమ్మ గీయండి. మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లో సరిగ్గా పడమర. జూన్ 21 నాటికి ఉత్తరంగా, డిసెంబరు 22 నాటికి దక్షిణంగా, మన ప్రాంతంలో సుమారు 25 డిగ్రీలదాకా జరుగుతాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు ఇంచుమించు 10 డిగ్రీలు. అంటే ఇటు రెండున్నర పిడికిళ్ళు, అటు రెండున్నర పిడికిళ్ళు! ఉత్తరాయణం, దక్షిణాయనం అన్న మాటలు అప్పుడు మీ కళ్ళెదుటే కనిపిస్తాయి.

వెంట నడిచే చందమామ: వెన్నెల్లో నడిచేటప్పుడు దగ్గరి చెట్లు గబగబా వెనక్కి పోతాయి. దూరపు కొండ మెల్లగా జరుగుతుంది. చందమామ మాత్రం మీతోపాటే వస్తున్నట్టుంటుంది. వస్తువు ఎంత దూరమైతే దాని దిశ అంత తక్కువగా మారుతుంది. ఈ చిన్న సూత్రంతోనే, భూమి సూర్యుడి చుట్టూ తిరగటాన్ని ఒక పెద్ద నడకగా ఉపయోగించుకొని, 1838లో బెసెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక నక్షత్రం దూరాన్ని లెక్కగట్టాడు.

చెట్ల పంచాంగం: మీ దారిలో పది చెట్లకు నంబర్లు ఇవ్వండి. కానుగ ఏ రోజున ఆకు రాల్చింది, ఎప్పుడు చిగిర్చింది, వేప ఎప్పుడు పూసింది, నిద్రగన్నేరు సాయంత్రం ఎన్ని గంటలకు ఆకులు ముడిచింది, ఇవన్నీ తేదీలతో రాయండి. రెండో సంవత్సరం అవే పేజీలు తిరగేస్తే ఆ పంచాంగం విలువ తెలుస్తుంది.

పదివేల అడుగులు ఎక్కడివి?

రోజుకు పదివేల అడుగులు నడవాలని మీరు విని ఉంటారు. ఈ సంఖ్య ప్రయోగశాలలో పుట్టలేదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి సంవత్సరం, 1965లో, జపానులో అడుగులు లెక్కపెట్టే పరికరమొకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు మాన్-పో-కెయ్. ఆ మాటకు "పదివేల అడుగుల మీటరు" అని అర్థం. పేరు బాగుంది, జనం నోట నిలిచిపోయింది! 2019లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, సగటున 72 ఏళ్ళ వయసున్న స్త్రీలలో రోజుకు 2700 అడుగులు వేసేవారికంటే 4400 అడుగులు వేసేవారిలో మరణాలు తక్కువని తేలింది. సుమారు 7500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. కాబట్టి పదివేలు పూర్తికాలేదని మీ అమ్మమ్మ నిరాశపడనక్కర్లేదు. నిన్నటికంటే కొంచెం ఎక్కువ నడిస్తే అదీ లాభమే.

ఇప్పుడు సెల్ ఫోన్లు కూడా అడుగులు లెక్కపెడుతున్నాయి. మీ లెక్క, ఫోను లెక్క పోల్చి చూడండి. ఫోను చేతిలో ఉన్నప్పుడు, సంచిలో ఉన్నప్పుడు, సైకిలుమీద ఉన్నప్పుడు దాని లెక్క ఎలా మారుతుందో గమనించండి. యంత్రం చెప్పినదాన్ని పరీక్షించటం కూడా సైన్సే.

జాగ్రత్తలు

కాలిబాట లేని రోడ్డుమీద ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడిపక్కన నడవండి. రోడ్డు దాటేటప్పుడు లెక్క ఆపండి. లెక్క పోతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చీకట్లో తెల్లని దుస్తులు వేసుకోండి. ఎండాకాలంలో ఉదయం పెందలాడే వెళ్ళండి, నీళ్ళు తాగండి. సూర్యుణ్ణి నేరుగా చూడకండి. అస్తమించే చోటును, సూర్యబింబం దిగిపోయాక ఆ చెట్టు గుర్తుపెట్టుకొని, రాసుకోండి.

ఇంకొక్క మాట. చాలా ఇళ్ళలో షుగరో, రక్తపోటో ఉండి, నడవమని డాక్టరు చెప్పినా నడవని పెద్దలు ఒకరైనా ఉంటారు. "నడువు తాతయ్యా" అంటే ఆయన నవ్వి ఊరుకుంటారు. "తాతయ్యా, నేను అడుగులు లెక్కపెట్టాలి, గడియారం పట్టుకునేవాళ్ళు కావాలి, వస్తావా?" అని అడిగి చూడండి. బయలుదేరటానికి ఆయనకూ ఒక కారణం దొరుకుతుంది. రేపటి ప్రశ్న ఏమిటో ఆయనే అడిగే రోజు వస్తుంది.

అలా కలిసి నడిచేవాళ్ళకు ఒక చిన్న లెక్క: నాన్నగారి అడుగు 75 సెంటీమీటర్లు, మీది 60 సెంటీమీటర్లు. ఇద్దరూ ఒకే గీతమీదనుంచి ఒకే వేగంతో బయలుదేరారు. మళ్ళీ ఇద్దరి పాదాలూ పక్కపక్కన ఒకే వరుసలో ఆనేసరికి ఎవరు ఎన్ని అడుగులు వేసి ఉంటారు? ఆయన నిముషానికి 100 అడుగులు వేస్తుంటే మీరెన్ని వెయ్యాలి? జవాబును కాగితంమీద చెయ్యకండి. సాయంత్రం ఆయన్ని తీసుకొని బయలుదేరండి, నడిచి కనుక్కోండి.